ఎవలి బిడ్డవు?

పూర్ణిమ చేవెళ్ల బజారు గురించి చెప్పడం మొదలుపెడితే పార్కు బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్లకు పొయ్యి మీద పాలు కూడా గుర్తుకొచ్చేవి కావు. అంత బాగా చెప్పేది.

చెప్పక ఏం చేస్తుంది? మొయినాబాద్ దాటాక రోడ్డు మీంచి లోపలికి, ఒకప్పుడు జ్ఞానేశ్వర్ తండ్రి జొన్న వేసిన చేలో ఇప్పుడు విల్లాలు లేచాయి. ఐటీ కంపెనీల పుణ్యమా అని ఆ నాలుగైదేళ్లలో గచ్చిబౌలి నుంచి చేవెళ్ల దాకా బీడు భూముల ధరలకు కూడా రెక్కలొచ్చాయి. భూమి ఇచ్చినందుకు బిల్డరు జ్ఞానేశ్వర్‌కు వాటిలో ఒక విల్లా ఇచ్చాడు. అట్లా అతని భార్య పూర్ణిమ ఆ గేటు లోపలి మనిషైంది. మిగతా ఇళ్లలో ఉన్నవాళ్లంతా పెద్ద చదువులు చదివి, పొద్దున్నే మెడలో కార్డులు వేసుకొని ఆఫీసులకు పోయేవాళ్లు. సాయంత్రం ఆ ఆడవాళ్లు చేరి ఆన్‌సైట్ ప్రయాణాల గురించీ, పిల్లల స్కూళ్ల గురించీ మాట్లాడుకుంటుంటే, పదో తరగతి తప్పిన పూర్ణిమ తన వంతుగా తీయడానికి చేవెళ్ల బజారు తప్ప మరేముంది?

"ఇప్పటి మాల్స్‌ల ఏమున్నది చెప్పుండ్రి?" అనేది. "ట్రాలీ తోసుకుంట పోవుడు, లైన్ల నిలబడుడు. మా చిన్నప్పుడు పెండ్లి బట్టలంటే ఇంటిల్లిపాది ఎడ్లబండ్లు కట్టుకొని చేవెళ్లకు పోయేటోళ్లం. సంగయ్య దుకాణంల తెల్లటి పరుపులు పరిచి ఉండేటియి. చెప్పులు బయట ఇడిచి, బాలీసులకు ఒరిగి కూసుంటే ముందుగాల గోలీసోడ వచ్చేది. చీరలు ఆ తర్వాత. ఒక్కొక్కటి ఎగరేసి ఇప్పుతుంటే కుప్ప నా మెడ దాంక వచ్చేది. దసరాకైతే నాకు లంగ గుడ్డ సంగయ్యే తన చేతులతోని ఏరి ఇచ్చేటోడు."

పక్క విల్లాలో ఉండే పూజిత గడ్డం కింద చెయ్యి పెట్టుకొని వినేది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్ల. పెద్ద కంపెనీలో టీమ్ లీడరు. అట్లాంటి పిల్ల తన మాట కోసం ఎదురుచూస్తుంటే పూర్ణిమకు కడుపు నిండినట్టుండేది. ఆ గేటు లోపల తనను తక్కువగా చూడని మనిషి ఎవరైనా ఉన్నారంటే అది పూజితే అని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని పోగొట్టుకోవడం ఆమె వల్ల కాదు.

పరుపులు నిజమే. సోడా నిజమే. చీరల కుప్ప కూడా నిజమే. ఒక్కటే అబద్ధం. ఆ ఎడ్లబండ్లు వాళ్లవి కావు.

అవి ముడిమ్యాల ఊరి గోవర్ధన్ పటేలువి. పెళ్లి బట్టలు కూడా పటేలింటి ఆడపిల్లలవే. పూర్ణిమ తల్లి సాయమ్మ ఆ ఇంట్లో అంట్లు తోమి, పేడకళ్లు ఎత్తే మనిషి. బట్టలకు పోయేటప్పుడు మూటలు మోయడానికీ పసిపిల్లల్ని ఎత్తుకోవడానికీ ఆమెను వెంట తీసుకుపోయేవారు. ఆమె కొంగు పట్టుకొని పూర్ణిమ బండెక్కేది. సాయమ్మ ఎప్పుడూ దుకాణం గడప దాటి లోపల కూర్చునేది కాదు. సంగయ్య భార్య సంగమ్మ మాత్రం ఆ పిల్లను రెక్క పట్టుకొని తీసుకుపోయి పటేలు కూతురు రమ పక్కన పరుపు మీదే కూర్చోబెట్టి, ఆమెకు ఇచ్చిన సోడానే ఈమెకూ ఇచ్చేది. ఆ కాసేపటి మర్యాదను పూర్ణిమ ఇన్నేళ్లూ మనసులో దాచుకుంది. దాచుకున్నంతవరకు బాగానే ఉంది. దాన్ని తీసి పటేలింటి బండ్లకు కట్టి పార్కులో ఊరేగించింది, తప్పంతా అక్కడే వచ్చింది.

సాయమ్మ ఇప్పుడు కూతురి దగ్గరే, ఆ విల్లాలోనే వెనక గదిలో ఉంటోంది. కాలనీలో అందరూ ఆమెను అమ్మమ్మ అంటారు, పేరెవరికీ తెలియదు. "మా అవ్వకు మోకాళ్ల నొప్పులు, యాడికీ రాదు" అని చెప్పి పూర్ణిమ ఆమెను పార్కు దిక్కు పోనిచ్చేది కాదు. నొప్పులేమీ లేవు, ఆమె ఒక్కతే బస్సెక్కి ఊరికి పోయివచ్చేది, అక్కడి ముచ్చట్లు పూర్ణిమ ఎప్పుడూ అడిగేది కాదు. అయితే సాయమ్మ నోరు విప్పిందంటే పేడకళ్ల దగ్గర మొదలుపెట్టి అన్నీ చెప్పేస్తుందని కూతురి భయం.

ఒక ఆదివారం పూజిత కారు తాళాలు తిప్పుకుంటూ వచ్చింది.

"అక్కా, మా తమ్ముడి పెళ్లి ఫిక్స్ అయింది. చుట్టాలకు పెట్టే చీరలు కావాలి. మాల్‌కు వెళ్లే ప్రసక్తే లేదు. మీ సంగయ్య షాపుకే వెళ్దాం, పదండి."

"గిప్పుడా? గా దుకాణం ఉన్నదో లేదో…" అంది పూర్ణిమ.

"చూద్దాం అక్కా! లేకపోతే మిర్చి బజ్జీలు తిని వచ్చేద్దాం."

కాదంటే అనుమానం వస్తుంది. చీర మార్చుకొని కారెక్కింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చేవెళ్లలో పాత దుకాణాలు చాలా పోయాయని జ్ఞానేశ్వర్ అన్న మాట గుర్తు తెచ్చుకొని, సంగయ్య దుకాణం కూడా పోయి ఉండాలని దేవుడికి మొక్కుకుంది. ఏ దుకాణం గురించి ఏళ్ల తరబడి కథలు చెప్పిందో అదే కూలిపోయి ఉండాలని కోరుకోవడం తనకే చెడ్డగా అనిపించింది. అయినా దారి పొడుగునా అదే మొక్కు.

దేవుడు వినలేదు. చేవెళ్లలో అడుగడుగునా ప్లాట్ల బోర్డులు, జిరాక్సు సెంటర్లు, సెల్‌ఫోన్ల దుకాణాలు. వాటి మధ్య సంగయ్య దుకాణం నిలబడే ఉంది. రోడ్డు కోసం ముందు భాగం కొట్టేస్తే మిగిలిన సగంలోనే రేకుల షట్టరు పెట్టుకొని నడుస్తోంది. బయట స్కూలు యూనిఫాంలు వేలాడుతున్నాయి. లోపల అదే తెల్లటి పరుపు.

గడపలో కాలు పెట్టగానే కొత్త బట్ట వాసన, గంజి వాసన ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. ఒక్క క్షణం పూర్ణిమకు అన్నీ మరిచిపోయినంత సంతోషం కలిగింది. గోడకు సంగయ్య ఫోటో, దానికి దండ ఉంది. ఫోటో కింద సంగమ్మ కూర్చొని ఉంది. జుట్టు ముగ్గుబుట్ట అయింది, మనిషి సగమైంది. కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి.

"రాండ్రి బిడ్డా, కూసోండ్రి. చాయ తాగుతరా?"

పూజిత చెప్పులు విడిచి, పరుపెక్కి, బాలీసుకు ఒరిగి, "అక్కా, సేమ్ మీరు చెప్పినట్టే ఉంది!" అని చిన్నపిల్లలా మురిసిపోయింది. పూర్ణిమ చివరన, వెలుగు పడని చోట చూసుకొని కూర్చుంది. పక్క హోటలు నుంచి చాయ్ వచ్చింది. సంగమ్మ చీరలు తీయడం మొదలుపెట్టింది. ఎగరేసే ఓపిక లేదు కాని, ఒడిలో పెట్టుకొని కొంగు విప్పి చూపిస్తుంటే చేతుల్లో ఆ పాత నేర్పు అట్లాగే ఉంది. చూపిస్తూ చూపిస్తూ ఆగింది. అద్దాలు పైకి తోసుకొని పూర్ణిమ ముఖంలోకి చూసింది.

"నిన్ను యాడనో చూసినట్టున్నది. ఎవలి బిడ్డవు అవ్వా?"

ఆ పక్క ఊళ్లలో ఎవరిని చూసినా ముందు అడిగే మాట అదే. పేరు తర్వాత, పని తర్వాత, ముందు ఎవరి బిడ్డవో చెప్పాలి. చెబితే చాలు, ఇంటి మనిషిని చేసుకుంటారు. పూర్ణిమ నాలుక చివరిదాకా 'పెద్దమ్మా' అన్న పిలుపు వచ్చింది. అంతలో పూజిత చీర మీంచి తలెత్తి, జవాబు వినడానికి నవ్వు ముఖంతో ఆమె వైపు తిరిగింది.

"ముడిమ్యాల," అంది పూర్ణిమ. "గోవర్ధన్ పటేలు బిడ్డను."

అంత నున్నగా ఎట్లా జారిందో ఆమెకే తెలియదు.

సంగమ్మ చేతులు చీర మీదే ఆగిపోయాయి. తర్వాత మెల్లగా, "రమమ్మనా మీరు?" అంది.

అప్పటిదాకా నువ్వు, అవ్వా, బిడ్డా. ఇప్పుడు మీరు.

"అవును సంగమ్మా," అంది పూర్ణిమ. అసలు రమ అట్లాగే పిలిచేది, తల్లి వయసు మనిషిని పేరు పెట్టి. పూజిత కనుబొమలు ఎగరేస్తే, "ఇంట్ల పేరు రమ," అని ఆమెకూ ఒకటి అంటగట్టింది. ఒకదానికి ఇంకొకటి తోడుగా రావలసిందే కదా.

"మంచిగున్నరా రమమ్మా? ఎన్నేండ్లాయె!" సంగమ్మ ఇంకో చీర తీసింది. "మీ ఇంట్ల సాయమ్మ అని ఒకామె పని చేస్తుండె. ఎట్లున్నది ఆమె? పానం మంచిగున్నదా?"

పూర్ణిమ చాయ్ గ్లాసులోకి చూసింది. పొద్దున తల్లి తల దువ్వి జడ వేసి వచ్చింది. చేతులకు ఇంకా ఆ నూనె వాసన ఉంది.

"ఏమో, తెలవదు. ఎప్పుడో పని ఇడిచిపెట్టి పోయిన్రు."

"అట్లనా," అంది సంగమ్మ. పూజిత వైపు తిరిగి చెప్పసాగింది. "మంచి మనిషి బిడ్డా ఆమె. పెండ్లోళ్లు వచ్చిన్రంటే చీరలన్ని ఇప్పించి, కుప్ప జేసి, ఏరుకున్నయి బండ్లల్ల పెట్టుకొని పోదురు. ఆ కుప్ప మడతలు పెట్టాలంటే మా నడుములు ఇరిగేటియి. సాయమ్మ ఆగేది. 'నేను బస్సుల వస్తనమ్మా' అని పటేలమ్మకు చెప్పి, గడప కాడ కూసొని చీరలన్ని మడిచేది. పైసలియ్యబోతే ముట్టకపోయేది. 'నా పిల్లకు దసరాకు లంగ గుడ్డ ఇయ్యి, సాలు' అనేది. ఆమె మడతలు పెడుతుంటే ఆ పిల్ల గీ బాలీసు మీదనే నిద్రపోయేది. నేనే మీద ఏదన్న కప్పేదాన్ని."

పూర్ణిమకు తెలియని సంగతి అది. తల్లీ సంగమ్మా ముచ్చట్లు పెట్టుకుంటూ పొద్దుపోయేదాకా కూర్చునేవారనే ఆమె జ్ఞాపకం. దసరాకు సంగయ్య ఏరి ఇచ్చిన లంగా గుడ్డ ప్రేమతో ఇచ్చిందనే ఇన్నాళ్లూ అనుకుంది. చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

"రమక్కకు కూడా దసరాకు లంగా క్లాత్ ఇచ్చేవాళ్లంట కదా?" అని పూజిత హుషారుగా అడిగింది.

సంగమ్మ పూర్ణిమ వైపు చూసింది. "ఇచ్చేటోళ్లం బిడ్డా," అంది. "అందరికీ ఇచ్చేటోళ్లం."

ఇంకో రెండు చీరలు చూపించాక మళ్లీ ఆమే అంది. "సాయమ్మ బిడ్డ యాడున్నదో ఏమో. మస్తు ముద్దుగ ఉండేది. ఒక్కపారి చూడాలని ఉంటది. మీకేమన్న ఎరుకనా రమమ్మా?"

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. 'నేనే పెద్దమ్మా' అంటే రెండు మాటలు. పూజిత ఏమనుకుంటే ఏం? పూర్ణిమ నోరు తెరిచింది. పార్కు బెంచీలూ, వాటి మీద కూర్చున్న ముఖాలూ కళ్ల ముందు తిరిగాయి.

"నాకు తెలవదు," అంది.

సంగమ్మ మరి అడగలేదు. పూజిత సంతోషంగా చీరలు ఏరుకుంది. లేవబోతుంటే సంగమ్మ "ఆగుండ్రి" అని లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది. ఆడబిడ్డ గడప తొక్కితే బొట్టు పెట్టకుండా, రవికె గుడ్డ పెట్టకుండా పంపడం వాళ్లింట్లో లేదు. ముందు పూజితకు పెట్టింది. తర్వాత పూర్ణిమ గడ్డం పట్టుకొని, ముఖం పైకెత్తి బొట్టు పెట్టింది. చిలకపచ్చ గుడ్డ ఒకటి చేతిలో పెట్టింది. ఆ పైన నేరేడు రంగుది ఇంకొకటి పెట్టింది.

"గిది సాయమ్మకు. ఎప్పుడన్న కనవడితే ఇయ్యి బిడ్డా. సంగమ్మ అడిగిందని చెప్పు."

మీరు పోయి మళ్లీ బిడ్డా వచ్చింది. పూర్ణిమకు తల కొట్టేసినట్టయింది. వంగి కాళ్లకు మొక్కాలనిపించింది. పటేలు బిడ్డ దుకాణపామె కాళ్లకు మొక్కుతుందా అని ఆ సిగ్గులో కూడా లెక్క వేసుకుంది. మొక్కకుండానే మెట్లు దిగింది.

కారులో పూజిత ఆగకుండా మాట్లాడుతూనే ఉంది. "ఆ సాయమ్మగారి స్టోరీ ఎంత టచింగ్‌గా ఉంది అక్కా! మీ ఇంట్లో అన్నేళ్లు పనిచేశారు కదా, ఎక్కడున్నారో కనుక్కోండి. నేను కూడా వస్తాను చూడ్డానికి."

ప్రతిరోజూ పొద్దున గోడ మీంచి ఆ సాయమ్మకే "నమస్తే అమ్మమ్మా" అని చెప్పి ఆఫీసుకు పోయే పిల్ల. పూర్ణిమ కిటికీ వైపు తిరిగింది. మొయినాబాద్ వచ్చేదాకా ఇటు తిరగలేదు.

ఇంట్లో సాయమ్మ వెనక మెట్ల మీద కూర్చొని అనపకాయలు ఒలుస్తోంది. కూతురి చేతిలో గుడ్డలు చూసి, "యాడియే గవి?" అంది.

"సంగయ్య దుకాణానికి పోయినమవ్వా. గిది నీకట. సంగమ్మ పెద్దమ్మ ఇచ్చింది."

సాయమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని గుడ్డను రెండు చేతులతో అందుకుంది. ముఖమంతా నవ్వైంది. "నిన్ను గుర్తుపట్టిందా? ఏమన్నది? ఎవలి బిడ్డవని అడిగిందా?"

"అడిగింది."

"ఏమన్నవ్?"

ఇంకో అబద్ధం సిద్ధంగానే ఉంది. కాని తల్లి ఒళ్లో ఆ గుడ్డను చూస్తూ చెప్పలేకపోయింది. మెట్టు మీద కూలబడి, ఎటో చూస్తూ, "పక్కింటి పూజిత ఉండె. రమనని చెప్పిన," అంది. సాయమ్మ ఎక్కడుందో తెలియదని అన్న మాట కూడా చెప్పేసింది.

సాయమ్మ ఒక కాయ ఒలిచి, గింజలు గిన్నెలో వేసింది.

"రమనంటివా," అంది చివరకు. "రమ మొన్న ఎండకాలమే బిడ్డ పెండ్లి బట్టలు సంగమ్మ కాడనే కొన్నది. పెండ్లికి సంగమ్మ కూడ వచ్చింది. నా పక్కపొంటి కూసొనే తిన్నది. నీ ముచ్చటంత చెప్పిన. నీ ఇల్లు, నీ కొడుకు సదువు, నేను నీ కాడ సల్లగున్ననని. 'పూర్ణిమను ఒక్కపారి తీసుకరా, చూడాలె' అన్నది."

అంటే సంగమ్మకు తెలుసు. ఆ పేరు చెప్పిన క్షణం నుంచీ తెలుసు. సాయమ్మ ఎట్లున్నదని అడిగినప్పుడు తెలుసు. ఆమె బిడ్డ యాడున్నదని అడిగినప్పుడు తెలుసు. ఒకసారి కాకపోతే ఇంకోసారైనా ఈ పిల్ల నోరు విప్పుతుందేమోనని తలుపు తెరిచి పట్టుకొని నిలబడింది. ఈమె రాకపోతే, పక్కనున్న మనిషి ముందు పరువు పోకుండా, రమమ్మా, మీరు అంటూ తానే ఆ అబద్ధాన్ని మోసింది. చిన్నప్పుడు నిద్రపోతే బట్ట కప్పినట్టే ఇప్పుడూ కప్పింది. పూర్ణిమ రెండు చేతులతో ముఖం దాచుకొని ఏడ్చింది. ఆ ఏడుపులో బాధ తక్కువ, సిగ్గే ఎక్కువ.

సాయమ్మ కూతురి వీపు మీద చెయ్యి వేయలేదు, తిట్టనూ లేదు. గుడ్డను మడత చెదరకుండా పక్కన పెట్టుకుంది.

"రేపు పొద్దుగాల పరిగి బస్సెక్కి చేవెళ్లకు పోయొస్త," అంది. "గుడ్డ అందిందని చెప్పాలె గద."

"నేను కూడ వస్త అవ్వా," అంది పూర్ణిమ ముక్కు తుడుచుకుంటూ. "కాళ్లు పట్టుకుంట. నేనే నీ బిడ్డనని చెప్పుకుంట."

"పూజిత గూడ వస్తనంటే?"

పూర్ణిమ తలెత్తింది. జవాబు చెప్పడానికి ఆమెకు ఎంతసేపూ పట్టకూడదు. పట్టింది.

సాయమ్మ ఆ ముఖాన్ని చూసి, గిన్నె దగ్గరికి లాక్కొని మళ్లీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

"నువ్వు రాకు బిడ్డా. నువ్వొస్తే ఆమె మల్ల నిన్ను రమమ్మా అని పిలువాల్సి వస్తది. ముసలి పానం, ఆమెకెందుకు ఆ తిప్పలు?"